బావగారి దగ్గు

విశాఖపట్నం,
ఆగస్టు 9, 1995.

మహారాజశ్రీ పెదనేలవలస గ్రామ సర్పంచ్ మంగాయమ్మ వదినగారికి, ఆడపడుచు నూకరత్నం నమస్కరించి రాయునది.

వదినా, ఎలక్షన్ కబురు పెద్దన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. "మనం గెలిచీసాం" అన్నాడు. ఆ "మనం"లో నువ్వున్నావా అని అడిగేలోపు ఎస్టీడీ బూత్‌లో మీటరు తిరుగుతోందని పెట్టేశాడు. సర్పంచ్ సీటు ఆడవాళ్లకి రిజర్వయింది కాబట్టి నిన్ను నిలబెట్టారట, తను ఉపసర్పంచ్‌తో సరిపెట్టుకున్నాడట. పాపం, ఎంత త్యాగం.

ఇక నా సంగతి. మా గిడ్డంగుల కంపెనీ వాళ్లకి ఉన్నట్టుండి ఆఫీసులో ఆడవాళ్లు కూడా ఉన్నారని గుర్తొచ్చింది. బీచ్ రోడ్డు హోటల్లో మూడు రోజులు మహిళా నాయకత్వ శిక్షణ పెట్టించారు. బొంబాయి నుంచి ఒక మేడమ్ వచ్చింది. అద్దం ముందు నిలబడి "నేను నాయకురాలిని" అని గట్టిగా చెప్పుకోమంది. అక్కడున్న అద్దం బాత్రూములోది. నా వంతు వచ్చేసరికి నాయకత్వం కంటే అర్జంటు పని ఉన్నవాళ్లు ఇద్దరు తలుపు బాదుతున్నారు. తర్వాత మీ జీవితాన్ని నదిగా గీయండి అంది. నేను మన గోస్తని గీశాను, ఎండిపోయి, ఇసుక బళ్లతో సహా. మేడమ్ చూసి "ఆహా, ఎంత ప్రవాహం!" అని మురిసిపోయింది.

ఇంత విద్య నా ఒక్కదాని బుర్రలో మూలగడం దేనికని నీకు పోస్టులో ఉచితంగా నేర్పుదామనుకుంటున్నాను. మొదటి పాఠం రాసుకో. మీటింగుకి నాయకురాలు అందరికంటే ఆఖర్న వెళ్లాలి. వెళ్లగానే అందరూ లేస్తారు. నువ్వు నడిమి కుర్చీలో కూర్చోవాలి. నవ్వకూడదు. ఎవరికీ సంజాయిషీ చెప్పకూడదు.

మా సెక్షన్‌లో సూపరింటెండెంట్ పోస్టు ఖాళీ అయింది. సీనియారిటీలో మొదటి పేరు నాదే. నన్ను కట్టుకున్న మీ తమ్ముడు కూడా అదే సెక్షన్‌లో గుమస్తా కదా, స్వీట్లు ఎప్పుడని అందరూ ఆయన్నే అడుగుతున్నారు.

నీ మాస్టారు,
నూకరత్నం


పెదనేలవలస,
సెప్టెంబరు 2, 1995.

చి.ల.సౌ. నూకరత్నానికి, ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేసిన వదిన ఆశీర్వదించి రాయునది.

నీ ఉచిత శిక్షణ అందింది. స్టాంపు చాలలేదని పోస్ట్‌మ్యాన్ నా దగ్గర జరిమానా పట్టుకెళ్లాడు, కాబట్టి మరీ అంత ఉచితం కాదు.

మొదటి మీటింగు అయిపోయింది. సర్పంచ్ కుర్చీలో మీ చిన్నన్నయ్య గవర్రాజు గారు కూర్చున్నారు. పక్క కుర్చీలో మీ పెద్దన్నయ్య నీలకంఠం గారు. సర్పంచ్‌ని నేను తలుపు చాటున నిలబడ్డాను. మీ బొంబాయి మేడమ్‌కి తెలియదేమో, కాస్త విడమరిచి చెప్పు. మా ఇళ్లల్లో తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుట కూర్చోదు. ఆయన ఏ గదిలోకి రావాలన్నా ముందు గుమ్మం బయట దగ్గుతారు. ఆ దగ్గు వినగానే నేను లేచి లోపలికి తప్పుకోవాలి. అప్పుడు ఆయన వస్తారు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఏదన్నా ఉంటే గోడకి చెబుతారు, గోడ నాకు చెబుతుంది. పంచాయతీలో ఆ గోడ ఉద్యోగం కార్యదర్శి అర్జునరావుకి ఇచ్చారు.

చర్చలన్నీ అయ్యాక అర్జునరావు పుస్తకం తలుపు దగ్గరికి తెచ్చి "సర్పంచ్ గారూ, ఇక్కడొక సంతకం" అన్నాడు. గ్యాస్ బండ దింపినప్పుడు పెట్టినట్టే పెట్టాను.

ఇంతవరకూ నవ్వులాటే. ఇప్పుడు అసలు విషయం విను. ఒక రొయ్యల కంపెనీ వాళ్లు మన ఊరి బంజరు లీజుకి అడుగుతున్నారు. మంచినీళ్ల నూతిని ఆనుకుని ఉన్న భూమే. అందులో చెరువులు తవ్వి, సముద్రం పోటుకి ఏట్లోకొచ్చే ఉప్పునీళ్లు నింపుతారట. పక్క ఊళ్లో ఇలాగే తవ్వారు. నుయ్యి ఉప్పుతేలిపోయి, అక్కడి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని తగరపువలస రోడ్డు దాకా నడుస్తున్నారు. మీ పెద్దన్నయ్య దీన్ని అభివృద్ధి అంటున్నారు. అంటారు మరి, బిందె మోసేది ఆయన కాదు కదా. ఈ ఒక్క తీర్మానం ఆపలేకపోతే నేను సర్పంచ్‌నై ఊడబొడిచింది ఏమీ లేదు. నాకు నిద్ర పట్టడం లేదు రత్నం, ఇది వేళాకోళం కాదు.

మీ మేడమ్ పుస్తకంలో బావగారి పాఠం ఉంటే వెంటనే పంపు. నీ ప్రమోషన్ ఏమైంది?

మంగాయమ్మ


విశాఖపట్నం,
సెప్టెంబరు 20, 1995.

సర్పంచ్ వదినకి,

బావగారి పాఠం సిలబస్‌లో లేదు. మేడమ్‌కి పెళ్లి కాలేదు కాబట్టి బావగారు లేరు. అందుకే లీడర్ అయిందనుకుంటాను.

కానీ నువ్వు మరీ అంత బెదిరిపోతే ఎలా? చిన్నన్నయ్యని కుర్చీలోంచి లేపడం ఎంతసేపు? నువ్వు ఎదురుగా వెళ్లి నిలబడితే చాలు, చిన్నప్పుడు లెక్కల మాస్టారిని చూసి లేచినట్టు లేచిపోతాడు. ఇక పెద్దన్నయ్య. మింగేస్తాడా? అందరూ వచ్చి సర్దుకున్నాక దర్జాగా లోపలికి వెళ్లు, కూర్చో. భూమి బద్దలు కాదు. నేను ఇక్కడ ఇంతమంది మగాళ్ల మధ్య ఇన్నేళ్లుగా కూర్చోవడం లేదా? ఒక్కసారి కూర్చుంటే మర్నాటికి అందరికీ అలవాటైపోతుంది.

ప్రమోషన్ లిస్టు వచ్చింది. ఫైలు పై అంతస్తులో ఉంది. ఆఫీసుల్లో పై అంతస్తు సంగతులు నీకు అర్థం కావులే.

నూకరత్నం


పెదనేలవలస,
అక్టోబరు 15, 1995.

మాస్టారికి, పరీక్ష తప్పిన విద్యార్థిని రాయునది.

నీ మాట నమ్మి నట్టేట మునిగాను. చెప్పినట్టే ఆఖర్న వెళ్లాను. అందరూ లేస్తారన్నావు. లేచింది మీ అన్నయ్య ఒక్కరే, అదీ గౌరవంతో కాదు, హడలిపోయి. ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. నవ్వొద్దన్నావు కదా, ఆ ఒక్క పాఠం మాత్రం బాగా వచ్చింది, నవ్వే పరిస్థితి లేదు.

మీ పెద్దన్నయ్య నా వైపు చూడకుండా లేచి, "అర్జునరావూ, మర్యాదస్తులు కూకోడానికి ఇక్కడ సోటు నేదు" అని చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయారు. ఆయన వెనకే మెంబర్లందరూ లేచారు. కుర్చీలు, నేను, అర్జునరావు మిగిలాం. కోరం లేదని మీటింగు రద్దని రాశాడు.

సాయంత్రానికి నా తోడికోడలు గంగాలమ్మక్క వీధి గుమ్మంలో నిలబడింది. "కుర్సీ కావాలేటే నీకు? మా ఆయన ముందు కాలు మీద కాలేసుకుని కూకున్నావట!" అని కేకలు. నేను కాలు మీద కాలు వేసుకోలేదు రత్నం. రచ్చబండ దగ్గర నుంచి మా ఇంటికి వచ్చేలోపు ఊరే నా కాలు తీసి కాలు మీద పెట్టింది.

మీ అన్నయ్య నాతో మాట్లాడటం మానేశారు. ఇప్పుడు ఆయన కూడా గోడకే చెబుతున్నారు. మా ఇంట్లో గోడలకి మంచి గిరాకీ వచ్చింది.

రొయ్యల తీర్మానం నవంబరు మీటింగుకి పడింది. నేను వెళ్లకపోతే ఉపసర్పంచ్ హోదాలో మీ పెద్దన్నయ్యే అధ్యక్షులు, పని అయిపోతుంది. వెళ్లి కూర్చుంటే మళ్లీ అందర్నీ లేపుకుపోతారు, ఏదో ఒక రోజు నేను విసిగిపోయే దాకా. దయచేసి ఇంక పాఠాలు పంపకు. పై అంతస్తు ఫైలు కిందికి దిగిందా?

మంగాయమ్మ


విశాఖపట్నం,
నవంబరు 3, 1995.

వదినా,

పెద్దన్నయ్య ఆఫీసుకే ఫోన్ చేశాడు. "ఏటే రత్నం, మీ వదినకి ఏటి నూరిపోస్తన్నావ్?" అన్నాడు. "నూరిపోయలేదు, పోస్టులో పంపాను" అన్నాను. అరిచాడు.

నా దగ్గర పాఠాలు అయిపోయాయి. ఒక మాట చెబుతాను, కోపగించుకోకు. మానేయ్ వదినా. ఊరు గొడవ ఊరు చూసుకుంటుంది. ఇంట్లో మగాడు మొహం తిప్పుకుని పడుకుంటే ఆ ఇంట్లో ఉండలేం. ఆ మనశ్శాంతి కంటే ఏ కుర్చీ ఎక్కువ కాదు.

నా ప్రమోషన్ సంగతి అడగొద్దు.

రత్నం


పెదనేలవలస,
డిసెంబరు 10, 1995.

రత్నానికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. ఆ తర్వాత ఒకనాడు బియ్యం ఏరుతుంటే వాకిట్లో మీ పెద్దన్నయ్య దగ్గారు. అలవాటుగా చేట పక్కన పెట్టి లేచాను. ఆయన లోపలికి వచ్చారు. అప్పుడు తోచింది. నేను లేవబట్టి కదా ఆయన రాగలిగారు, లేవకపోతే? తమ్ముడి పెళ్లాం కూర్చుని ఉన్న గదిలోకి అడుగుపెట్టే మగాడు మీ వంశంలో ఇంకా పుట్టలేదు. ఇన్నేళ్లూ ఆ దగ్గు నన్నే కట్టేసిందనుకున్నాను. దాని రెండో కొస ఆయన కాలికే ఉంది.

మీటింగు రోజున మీ మేడమ్ చెప్పినదానికి తలకిందులుగా చేశాను. ఆఖర్న కాదు, అందరికంటే ముందు వెళ్లాను. జోగమ్మ, పోతమ్మ, మిగతా ఆడ మెంబర్లు, నూతి పక్కన ఇల్లున్న మగ మెంబరు ఒకాయన, అందర్నీ ఇళ్లకి వెళ్లి బతిమాలి వెంటపెట్టుకెళ్లాను. లోపల కోరం సరిపోయింది. నడిమి కుర్చీలో కూర్చున్నాను.

మీ పెద్దన్నయ్య తన మెంబర్లతో, రొయ్యల కంపెనీ ఆసామితో గుమ్మం దాకా వచ్చారు. దగ్గారు. ఒట్టు రత్నం, నా నడుము దానంతట అదే సగం లేచింది. జోగమ్మ నా కొంగు పట్టుకుని కిందికి లాగింది. "కూకోయమ్మా, లెగిసేవంటే నుయ్యి పోతాది" అంది.

ఆయన మళ్లీ దగ్గారు. నేను కదల్లేదు. ఈసారి ఊరంతా వినేలా దగ్గారు.

"అర్జునరావూ, లోపలున్నోల్లని ఓసారి లెగమను."

"లోపలున్నోల్లు సర్పంచ్ గారండి. నాను లెగమంటే బాగోదండి."

కంపెనీ ఆసామిది ఏ ఊరో గానీ మన పద్ధతులు తెలియవు. తను మాత్రం సుబ్బరంగా లోపలికి వచ్చి కూర్చుని, "పెద్దాయనకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగి, జేబులోంచి దగ్గు బిళ్ల తీసి బయటికి పంపించాడు. పెద్దాయన రాకుండా తాము వస్తే బాగుండదని ఆయన మెంబర్లు కూడా వరండాలోనే నిలబడిపోయారు. తీర్మానం చదివించాను. చేతులెత్తమన్నాను. బంజరు ఇవ్వడానికి వీల్లేదని లోపలున్న అందరూ చేతులెత్తారు. బయట దగ్గినవాళ్లని లెక్కలోకి తీసుకునే రూలు లేదన్నాడు అర్జునరావు.

మీ అన్నయ్య మొదటి నుంచి చివరి దాకా వరండాలో తన అన్నగారి పక్కనే గొడుగు పట్టుకుని ఉన్నారు. ఆఖరికి "పద అన్నా, ఇంటికెల్దాం, నీ గొంతు పోతాది" అనడం నాకు వినపడింది. నేను ఇంటికి వెళ్లి మిరియాల పాలు కాచి బావగారికి పంపించాను. ఆయన తాగారు, గంగాలమ్మక్క గ్లాసు మాత్రం ఇంకా తిరిగివ్వలేదు. రాత్రి భోజనాల దగ్గర మీ అన్నయ్య గోడని వదిలేసి నాతోనే "మంచినీల్లు తే" అన్నారు. తాగి, "మన నూతివేనా?" అన్నారు. "ఇంకా మనవే" అన్నాను. అప్పుడు ఏడ్చాను. అంతవరకూ ఏడుపు రాలేదు.

ఇక నీ సంగతి. తీర్మానం నకలు కలెక్టరాఫీసులో ఇవ్వడానికి మొన్న విశాఖ వచ్చాను. నిన్ను సూపరింటెండెంట్ సీట్లో చూద్దామని, నీకు చెప్పకుండా మీ ఆఫీసుకి వచ్చాను. గేటు దగ్గర వాచ్‌మ్యాన్ని అడిగితే, "ఆ మేడమ్ సూపరింటెండెంట్ ఏటమ్మా, పోస్టు వద్దని రాసిచ్చీసింది కదా! వోల్లాయన ఆవిడ కింద పని సెయ్యాలని" అన్నాడు. సెప్టెంబరులోనే రాసిచ్చేశావట. అంటే నన్ను "భూమి బద్దలు కాదు, కూర్చో" అన్న నెలలోనే. నేను లోపలికి రాలేదు. నీకోసం తెచ్చిన జీడిపప్పు అచ్చులు కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చుని నేనే తిన్నాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడుతుందని విన్నాను గానీ, పడ్డాక కూడా కుడితిలోంచి ఉత్తరాలు రాస్తుందని తెలియదు.

మంగాయమ్మ


విశాఖపట్నం,
జనవరి 4, 1996.

వదినా,

తిట్టు, పడతాను. కానీ ఒకటి తెలుసుకో. మీ తమ్ముడు నన్ను వద్దనలేదు. వద్దంటే పోట్లాడేదాన్ని, పోట్లాటలో నేను ఓడిపోయే రకం కాదని నీకు తెలుసు. లిస్టు వచ్చిన రోజు ఇంటికొచ్చి, చొక్కా విప్పి మేకుకి తగిలిస్తూ "రేపట్నించి నాను నిన్ను మేడమ్ అనాలేటి?" అని నవ్వారు. ఆ నవ్వు చూడలేకపోయాను. మర్నాడు వెళ్లి వద్దని రాసిచ్చాను. సంతకం పెడుతున్నప్పుడు నా అంత మంచి భార్య లేదనిపించింది. ఆ అనిపించడం మధ్యాహ్నం క్యారేజీ విప్పే దాకా ఉంది.

ఆ సీట్లోకి నాకంటే జూనియర్ని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయనకి గోడౌన్ల పని రాదు. ఫైళ్ల మీద నోట్లన్నీ నేను రాస్తాను, ఆయన సంతకం పెడతాడు. "మీరు లేకపోతే ఏమైపోయేవాణ్ణి అమ్మా" అంటాడు. నేనే సూపరింటెండెంట్‌నైపోయేదాన్ని, ఇంకేం. మీ తమ్ముడు పక్క బల్ల మీంచి ఇదంతా చూస్తారు. ఆయనకీ బాగోలేదని తెలుస్తోంది. ఇద్దరం ఆ మాటెత్తం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు నీమీద అసూయగా ఉంది వదినా, ఇది కూడా వేళాకోళం కాదు.

రత్నం


పెదనేలవలస,
జనవరి 19, 1996.

చి.ల.సౌ. రత్నానికి, వదిన ఆశీర్వదించి రాయునది.

ఒకసారి వద్దన్న ప్రమోషన్‌ని ఏడాది గడిస్తే మళ్లీ అడగొచ్చని అర్జునరావు చెప్పాడు. ఆ నోట్లు రాయడం రేపే మానేయ్. ఆయన రాసుకుంటాడు, లేదా వేరే సీటు వెతుక్కుంటాడు.

నా శిక్షణలో ఒక్కటే పాఠం. మా తమ్ముడు మళ్లీ ఆ మాట అడిగి నవ్వితే, నువ్వూ నవ్వి "అవును, అనాలి" అను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు. మా తమ్ముడు చెడ్డవాడు కాదు, వాణ్ణి నువ్వే అడక్కుండా చెడ్డవాణ్ణి చేశావు.

బొంబాయి మేడమ్‌కి ఇచ్చిన ఫీజులో సగం నాకు పంపు.

మంగాయమ్మ


విశాఖపట్నం,
ఫిబ్రవరి 12, 1997.

మాస్టారు వదినగారికి, విద్యార్థిని నమస్కరించి రాయునది.

నోట్లు మానేశాక ఆ పెద్దమనిషి వేసవి దాటకుండానే బదిలీ చేయించుకున్నాడు. ఆ సీటు ఇన్‌చార్జీల మీద ఈడ్చి ఈడ్చి, కిందటి నెల మళ్లీ లిస్టు వేశారు. ఆర్డరు చేతికొచ్చిన రోజు మీ తమ్ముడు చొక్కా తగిలిస్తూ, అదే మాట అడిగారు. నవ్వాను. "అవును, అనాలి" అన్నాను. నువ్వు రాసినంత తేలిక కాదు వదినా. ఆయన నవ్వలేదు.

నేను చేరాల్సిన రోజు పొద్దున్న కడుపునొప్పని పడుకున్నారు. ఎప్పుడూ ఇద్దరం ఒకే బస్సులో వెళ్తాం, ఆరోజు ఒక్కదాన్నే ఎక్కాను. వెళ్లి సీట్లో కూర్చున్న కాసేపటికి మా వీధిలో ఉండే గుమస్తా ఒక మడత కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సెక్షన్‌లో ఎవరికి సెలవు కావాలన్నా సూపరింటెండెంట్‌కే రాయాలి కదా. మీ తమ్ముడు రాసిన సెలవు చీటీ.

"గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి" అని మొదలుపెట్టారు. తనకి ఒంట్లో నలతగా ఉందని, దయతో ఈ ఒక్కరోజు సెలవు ఇప్పించవలసిందని రాశారు. కింద "మీ విధేయుడు, తవిటినాయుడు" అని సంతకం. అక్షరాలు ఎంత కుదురుగా ఉన్నాయో! పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన నాకు రాసిన మొదటి ఉత్తరం అదే వదినా. ఒకే ఇల్లు, ఒకే బస్సు, పక్కపక్క బల్లలు, రాయాల్సిన పనే పడలేదు. పురుళ్లకి పుట్టింటికి వెళ్లినప్పుడు కూడా కార్డు ముక్క రాయలేదు. చదువుతుంటే కళ్లు మసకబారాయి. సెక్షన్ అంతా చూస్తోందని ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత ఎర్ర సిరా తీసి "మంజూరు చేయలేదు. వెంటనే పనిలోకి రావలెను" అని వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అదే గుమస్తాని ఇంటికి పంపాను.

భోజనం వేళకి ముందే వచ్చారు. తల దువ్వుకుని, పండక్కి కుట్టించిన చొక్కా వేసుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. ఎవరూ పెన్ను కదపడం లేదు. నేను తలెత్తి, "కడుపునొప్పి ఎలా ఉంది?" అని అడిగాను.

"తగ్గింది మేడమ్" అన్నారు.

ఆ సెలవు చీటీ రూలు ప్రకారం ఆఫీసు ఫైల్లో ఉండాలి. నా చీరల పెట్టెలో ఉంది.

రత్నం